జానెడు నీళ్ళు

కిందటి వారం మిమ్మల్ని మా పెరట్లో బావి దగ్గరే నిలబెట్టి వెళ్ళిపోయాను. తిట్టుకునే ఉంటారు. ఏం చేయను, అప్పటికి నాకే నోట మాట రాలేదు. మీకు వారం గడిచింది గాని, నాకు మాత్రం తెల్లవారిందంతే.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. పల్లంలో మాకు అయిదెకరాల చేను ఉంది. నలభై ఏళ్ళు మామగారు అందులో చెరకు పండించారు. ఆ చెరకు తాగినన్ని నీళ్ళు ఊళ్ళో మనుషులూ గొడ్లూ కలిసినా తాగరు. వానలు చూస్తే పద్ధతిగా పడడం ఎప్పుడో మానేశాయి. రెండు నెలల పాటు చుక్క రాలదు. పడ్డ రోజున కుండపోతగా పడి, సాయంత్రానికల్లా వాగులో కలిసి వెళ్ళిపోతుంది. బావులు అడుగంటడం మొదలైంది. నేను నీటి సంఘం తరఫున నెలకోసారి ముప్పై బావుల్లో టేపు దించి లోతు రాసే మనిషిని. ఊరంతా నన్ను టేపు కోడలు అంటుంది. ఆ చేనును సాగు మాన్పించి, చుట్టూ గట్టు పోసి, పారిపోయే వాన నీళ్ళను అందులో నిలబెట్టి నేలలోకి ఇంకనిద్దామని పోయిన ఏడు పట్టుబట్టింది నేనే.

మామగారు నెల్లాళ్ళు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఒక్క షరతు పెట్టారు. "ఒక్క వానాకాలం చూస్తా. మన బావిలో జానెడు నీళ్ళు పెరిగితే ఆ చేను జోలికి రాను. పెరక్కపోతే మళ్ళీ దున్నేస్తా. అప్పుడు నువ్వు నోరెత్తకూడదు."

నిన్నటితో ఆ గడువు తీరింది. పోయిన ఏడు ఇదే తేదీన నలభై ఒక్క అడుగుల లోతున ఉన్న నీళ్ళు, నిన్న నలభై ఒక్క అడుగుల నాలుగంగుళాల లోతున తగిలాయి. జానెడు పెరగడం దేవుడెరుగు, నాలుగంగుళాలు దిగిపోయాయి. మామగారు టేపు వంక ఒకసారి, నా మొహం వంక ఒకసారి చూసి, "పొద్దున్నే ట్రాక్టర్ తీయమని మీ ఆయనకు చెప్పు" అని లోపలికి వెళ్ళిపోయారు. అక్కడ ఆపాను.

పొద్దున పెరట్లోకి వచ్చేసరికి మా ఆయన ట్రాక్టర్ చుట్టూ తిరుగుతున్నాడు. వెనకాల నాగలి తగిలించి ఉంది. అప్పటికే నూనె మూడుసార్లు చూశాడు. టైర్లు తన్ని చూశాడు. ఇప్పుడు గుడ్డ తడిపి తెచ్చి దీపాలు తుడుస్తున్నాడు. పగటిపూట దున్నడానికి దీపాలెందుకో నేనడగలేదు. ఆ బండికి ఇంకో నాలుగు దీపాలుంటే బాగుండునని మాత్రం అనుకున్నాను.

మామగారు మెట్టు మీద కూర్చుని చూసి చూసి, "పెళ్ళికొడుకుట్రా అది, అంత ముస్తాబు చేస్తున్నావు?" అన్నారు.

"ఫిల్టర్‌లో మట్టి చేరింది నాన్నా."

"మట్టిలో తిరిగేదానికి మట్టి చేరక మల్లెపూలు చేరతాయా? ఎక్కు."

మా ఆయన నా వైపు చూశాడు. పెళ్ళాం వైపా, కన్నతండ్రి వైపా అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా నీళ్ళు నమలడం ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య. ఇక లాభం లేదని నేనే వెళ్ళి ట్రాక్టర్ ముందు నిలబడ్డాను.

"మామయ్యగారూ, ఇంకొక్క ఏడు చూడండి."

"చూశాంగా."

"ఏడాదికే ఏం తెలుస్తుంది? ఈసారి వానలు కూడా పోయినేటి కంటే తక్కువ. గట్టి వానలు రెండే పడ్డాయి. ఆ నీళ్ళు వాగులోకి పోకుండా మన చేలోనే నిలబడి పదకొండు రోజుల్లో ఇంకిపోయాయి. మీ అబ్బాయే చూసి చెప్పాడు."

"చెప్పాడులే. ఇంకినవి ఎటు పోయాయో అది చెప్పు. బావిలోకైతే రాలేదుగా?"

నిన్నటి నుంచీ నన్ను తొలిచేస్తున్న ప్రశ్న కూడా అదే.  జవాబు లేనప్పుడు నా గొంతు పెరుగుతుంది. అదో జబ్బు నాకు.

"అయితే దున్నేయండి! గట్లు తెంపేసి, ఆ మొక్కలూ గడ్డీ అన్నీ పీకేసి మళ్ళీ చెరకే వేయండి. బావి ఎండిపోయాక అందరం చెరకు రసం తాగి బతుకుదాం!"

మామగారు విరుచుకుపడతారనుకున్నాను. పడలేదు. లేచి నిలబడి, నెమ్మదిగా అన్నారు.

"అమ్మాయ్, ఆ చేను నేను ఒక్క ఏడు కూడా ఖాళీగా ఉంచి ఎరగను. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా దున్నాను. ఈ ఏడాదిగా నేను ఆ దారిన వెళ్ళడమే మానేశాను, తెలుసా? వెళ్తే చాలు, ఏం పెద్దాయనా, కప్పల్ని పెంచుతున్నావంటగా అని ఒకటే నవ్వులు. పడ్డాను. ఎందుకు పడ్డాను? నీ అంకె మీద నమ్మకంతో. నిన్న దిగాయని చెప్పిన అంకె కూడా నాది కాదు, నీదే."

 ఆయన తిట్టి ఉంటే నాలుగు అనేదాన్ని. ఇలా మాట్లాడితే ఏమనాలి? ఏడాది పాటు ఊళ్ళో తలదించుకుని తిరిగారని నాకు ఇప్పుడే తెలిసింది. నాకు ఏడుపొచ్చింది, సిగ్గేసింది కూడా.

ఇంతలో పశువుల పాక నుంచి పాల బకెట్‌తో వస్తున్న అత్తయ్య, బకెట్ కింద పెట్టి రంగంలోకి దిగారు. చేను దున్నడం ఆవిడకూ ఇష్టం లేదు. ఇప్పుడు మడుగైన ఆ చేను గట్ల మీద మొలిచిన పచ్చగడ్డి తిని ఆవిడ గేదెలు రెండూ నిగనిగలాడుతున్నాయి. అలాగని నా పక్షాన మాట్లాడతారనుకుంటే పొరపాటే. అత్తయ్య ఏ పక్షాన మాట్లాడినా తిట్లు మాత్రం నాకే వస్తాయి.

"అసలు నీళ్ళు దిగాయంటేనే నేను నమ్మను," అన్నారు. "కాపురానికొచ్చిన రోజు నుంచీ చూస్తున్నా ఆ బావిని. వంగి చూశానంటే ఎన్ని నీళ్ళున్నాయో ఏ టేపూ లేకుండా చెప్పేదాన్ని. ఇప్పుడు చూద్దామన్నా చూడనిచ్చిందా ఈ మహాతల్లి? నా నడుం దాకా ఉండే గోడని గుండెల దాకా లేపించి కూర్చుంది! నిన్న పీట ఎక్కి తొంగి చూశాను. ఆ పీట జారి నేనే పడితే నాకోసం ఎన్నడుగుల టేపు దించేవాళ్ళో!"

ఇది రోజూ ఉండే పాటే. వేసవిలో పక్కింటి దూడ మా బావిలో పడింది. దాన్ని బయటికి లాగేసరికి నలుగురు మగవాళ్ళకు నడుములు పట్టేశాయి. ఆ మర్నాడే మేస్త్రీని పిలిపించి బావి గోడ ఎత్తు పెంచాను. అప్పట్నుంచీ అత్తయ్య రోజుకోసారి ఆ గోడనూ, దాంతో పాటు నన్నూ ఉతికి ఆరేస్తున్నారు. ఒక చెవితో విని రెండో చెవితో వదిలేయడం నాకు అలవాటైపోయింది.

ఈసారి మాత్రం వదిలేయలేకపోయాను. నడుం దాకా ఉండే గోడ. గుండెల దాకా.

"అత్తయ్యా, ఆ మాట మళ్ళీ అనండి."

"ఏ మాట? నేనేం తప్పన్నానే?"

"అదే, నడుం దాకా అన్నారే..."

"అంటాను! వెయ్యిసార్లంటాను! ఉన్నమాటంటే ఉలుకెందుకు?" అని చీర కొంగు బిగించారు.

"అనండి అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను, వెయ్యిసార్లు కాదు, లక్షసార్లు అనండి!"

అత్తయ్య మా ఆయన వంక చూశారు. "ఏరా, రాత్రి అన్నం తిన్నదా ఇది?"

 ఈ పనిలో చేరిన రోజున నాకు నేర్పిన మొట్టమొదటి సంగతి ఒకటుంది. బావి లోతు ఎప్పుడు కొలిచినా ఒకే చోటు నుంచి కొలవాలి. అందుకే ప్రతి బావి గోడ అంచు మీదా ఎర్ర రంగుతో ఒక గుర్తు పెడతాను. టేపు చివర సుద్ద రాసి, ఆ గుర్తు దగ్గర పట్టుకుని కిందికి దించుతాను. నీళ్ళలో మునిగినంత మేరా సుద్ద తడుస్తుంది. దించిన లోతులోంచి ఆ తడిసింది తీసేస్తే నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో తెలుస్తుంది. చిన్నపిల్లలు కూడా చేయగల పని. గుర్తు కదలకుండా ఉంటే చాలు.

మా ఇంటి గుర్తు మేస్త్రీ వేసిన కొత్త ఇటుకల కింద కప్పబడిపోయింది. అప్పుడు నేనేం చేశాను? డబ్బా తెచ్చి, కుంచె తెచ్చి, కొత్త గోడ అంచు మీద చక్కగా, గీత వంకరపోకుండా, మళ్ళీ ఎర్ర గుర్తు పెట్టుకున్నాను. పెట్టి, ఎంత బాగా కుదిరిందో అని మురిసిపోయాను కూడా. ఆ నెల నీళ్ళు ఒక్కసారిగా దిగినట్టు పుస్తకంలో పడితే, ఎండలు మండిపోతున్నాయి కదా అని సరిపెట్టుకున్నాను. ఊళ్ళో అందరి బావులకూ నీతులు చెప్పేదాన్ని, నా ఇంటి బావి దగ్గర బొక్కబోర్లా పడ్డాను.

"మామయ్యగారూ," అన్నాను.  "నీళ్ళు దిగలేదు. గోడ లేచింది."

మామగారు కనుబొమలు ముడిచారు. "ఇదేంటి, గడువు తీరాక కొత్త లెక్క?"

"కొత్తది కాదండీ. పోయినేడు పాత గోడ అంచు నుంచి కొలిచాను. నిన్న కొత్త గోడ మీద నుంచి కొలిచాను. గోడ ఎంత లేచిందో అంతా నీళ్ళు దిగినట్టు కనిపించింది."

"అంటే ఏడాదిగా నువ్వు రాసిందంతా తప్పా?"

"వేసవి నుంచి రాసింది తప్పు." ఆ మాట అనడానికి ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు.

ఆయన నమ్మలేదు. ఎందుకు నమ్మాలి? నిన్న ఒక అంకె చెప్పి, చేను పోతోందనగానే ఇవాళ ఇంకో అంకె చెబితే నేనైనా నమ్మను. "టేపు ఇలా ఇవ్వు. నేను కొలుస్తా. నువ్వు చెయ్యి పెట్టకు," అన్నారు. నేను రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

మేస్త్రీ గోడ బయటివైపు మాత్రమే సిమెంటు పూశాడు. లోపలివైపు ఇటుకలు అలాగే వదిలేశాడు. మామగారు గోడ మీద పొట్ట ఆనించి, చెయ్యి లోపలికి పోనిచ్చి తడమడం మొదలుపెట్టారు. అత్తయ్య పరుగెత్తుకెళ్ళి ఆయన చొక్కా వెనక పట్టుకున్నారు. "పడతారండీ, పడతారు! దూడని తీయడానికే నలుగురు కావాల్సొచ్చింది, మిమ్మల్ని తీయడానికి ఊరంతా రావాలి!"

"నోర్ముయ్యవే," అన్నారు మామగారు. అని, హఠాత్తుగా ఆగిపోయారు. చెయ్యి ఒకచోట నిలిచిపోయింది.

"ఏంటి నాన్నా?" అన్నాడు మా ఆయన.

"గాడిరా. తాడు గాడి."

మోటారు రాకముందు ఆ బావిలోంచి నీళ్ళు చేత్తోనే తోడేవారట. తాడు ఒరుసుకుని ఒరుసుకుని పాత గోడ అంచు రాయికి వేలు పట్టేంత గాడి పడింది. ఆ తాడు లాగింది ఈయనే. ఆయన వేళ్ళు ఆ గాడిలో అటూ ఇటూ తిరుగుతున్నాయి. పాత గోడ ఎక్కడ ముగిసి కొత్తది ఎక్కడ మొదలైందో ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు. గాడి నుంచి పైకి టేపు పట్టారు. సరిగ్గా అడుగున్నర.

తర్వాత టేపుకు సుద్ద రాసి బావిలోకి దించారు. కొత్త అంచు మీది ఎర్ర గుర్తు దగ్గర నలభై అయిదడుగుల చోట పట్టుకున్నారు. పైకి లాగితే మూడడుగుల ఎనిమిదంగుళాలు తడిసింది. మా ఆయన వేళ్ళు మడిచి లెక్క కట్టాడు. "నిన్నటిలాగే నలభై ఒకటీ నాలుగు. అందులోంచి అడుగున్నర పోతే ముప్పై తొమ్మిదీ పది. పోయినేడు నలభై ఒకటి. అంటే..."

"పద్నాలుగంగుళాలు పెరిగాయి," అన్నాను. చేతులు ఇంకా వెనకే ఉన్నాయి.

మామగారు టేపులో పద్నాలుగంగుళాలు గోడ మీద పరిచి, దాని మీద తన అరచెయ్యి చాపారు. బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా. జానెడు. చిటికెన వేలు దాటాక ఇంకా అయిదంగుళాల టేపు మిగిలి ఉంది. 

"దిగరా," అన్నారు కొడుకుతో.

"నేనింకా ఎక్కలేదు నాన్నా."

"సరే, ఎక్కకు. ఆ నాగలి విప్పేయ్."

మా ఆయన మొహం చూడాలి మీరు! దీపాలు తుడిచిన గుడ్డతోనే మొహం తుడుచుకున్నాడు. ముక్కు మీద నూనె మరక పడింది. నాకు నవ్వు ఆగలేదు, ఏడుపూ ఆగలేదు. నిన్నటి నుంచీ గుండెల మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టుంది, ఇప్పుడు దిగి వెళ్ళారు. అమ్మయ్య అని బావి గోడకు ఆనుకుని కూలబడ్డాను. అత్తయ్య నా నెత్తి మీద ఒక మొట్టికాయ వేసి, "ఇక మీదట గోడలు కట్టే ముందు నన్నడుగు. నేను పొట్టిదాన్ని కాబట్టి సరిపోయింది, లేకపోతే అయిదెకరాలు పోయేవి!" అన్నారు.

"అవునత్తయ్యా. మీ ఎత్తు సంఘం పుస్తకంలో రాయిస్తాను."

"రాయించు. తక్కువ చేసి రాయించకు."

అందరం నవ్వాం. మామగారు కూడా నవ్వారు. ఏడాది తర్వాత నేను చూసిన మొదటి నవ్వు. "పద అమ్మాయ్, టీ తాగి చేను దాకా వెళ్ళొద్దాం. ఆ కప్పలెలా ఉన్నాయో చూస్తా," అన్నారు.

అప్పుడు వినిపించింది ట్రాక్టర్ చప్పుడు. మాది కాదు. పల్లం వైపు నుంచి.

మామగారు చెవి రిక్కించారు. "మీసాలాయన బండి."

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. మీసాలాయన మా చేనుకు పైన ఉన్న చేను ఆసామి. మామగారికి వరసకు బావ. వాన వచ్చినప్పుడు వాగు నీళ్ళు మా చేలోకి రావాలంటే ఆయన చేలోంచి తవ్విన కాలవ ఒక్కటే దారి. మామగారి మాట మీద ఆ కాలవకు నేల ఇచ్చాడు, అదీ ఒక్క ఏడాదికే. ఆ కాలవ దున్నేస్తే మా చేలో గట్లున్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఇక నేను చేసిన ఘనకార్యం వినండి. కొలతలు పూర్తవగానే అంకెలన్నీ పాలకేంద్రం గోడకున్న నల్లబల్ల మీద రాయడం నా అలవాటు. నిన్న సాయంత్రం ఏడుస్తూనే వెళ్ళి మా బావి అంకె కూడా రాసి వచ్చాను. పొద్దున్నే పాలు పోయడానికి వెళ్ళినవాడు ఎవడైనా చూస్తాడు.

"నాగలి విప్పింది చాలు, వదిలేయ్!" అని మామగారు ఒక్క ఉదుటున ట్రాక్టర్ ఎక్కారు. ఆయన బండి నడిపి అయిదేళ్ళయింది. నేను మడ్‌గార్డ్ మీద కూర్చున్నాను. "బ్రేకు కొంచెం గట్టిగా తొక్కు నాన్నా!" అని మా ఆయన వెనక నుంచి అరుస్తున్నాడు. ఎవరు విన్నారు?

మేం చేరేసరికి మీసాలాయన చేను మూల నుంచి దున్నుకుంటూ వస్తున్నాడు. కాలవ గట్టుకు ఇంకా నాలుగు చాళ్ళ దూరం. మామగారు మా బండి తీసుకెళ్ళి ఆయన బండికి అడ్డంగా పెట్టారు.

"ఆపు బావా!"

"ఎందుకాపాలి?" మీసాలాయన ఇంజను ఆపకుండానే అరిచాడు. "నాలుగంగుళాలు దిగాయంటగా! నీ కోడలే రాసింది. నీ మాట మీద ఏడాది ఆగాను. ఇక నా నేల నాకు కావాలి."

"ఆ లెక్క తప్పు బావా. దిగలేదు, పద్నాలుగంగుళాలు పెరిగాయి. నా చేత్తో కొలిచి వస్తున్నా."

"టేపు కోడలు లెక్క తప్పా?" ఆయన నా వైపు తిరిగాడు. "ఈ అమ్మాయి చెప్పిన అంకె చూసుకునే కదా ఊళ్ళో ఎవడు ఏ పంట వేయాలో, ఎవడు మోటారు ఎంతసేపు నడపాలో తేల్చుకుంటున్నది! ఈ అమ్మాయే తప్పు కొలిస్తే ఇక మేం ఎవరి మొహం చూడాలి?"

నేను నోరు తెరిచేలోపల మామగారు అడ్డొచ్చారు. "అమ్మాయి తప్పేం లేదు. గోడ ఎత్తు పెంచింది నేను. ఆ సంగతి చెప్పడం మర్చిపోయాను. తప్పు నాది."

నేను తెల్లబోయి ఆయన వంక చూశాను. ఆయన నా వంక చూడలేదు, కాలవ వంక చూస్తున్నారు. చెవులు ఎర్రబడ్డాయి. అబద్ధం ఆడడం అలవాటు లేని మనిషి. ఊళ్ళో ఇప్పటికే ఏడాది పాటు నవ్వులపాలయ్యారు. ఇప్పుడు నా తప్పు కూడా నెత్తిన వేసుకుంటున్నారు. నేను ఊరుకుంటే కాలవ నిలబడుతుంది, నా పేరూ నిలబడుతుంది. ఒక్క క్షణం ఊరుకుందామనే అనిపించింది.

"కాదు బాబాయ్," అన్నాను. "గోడ లేపించింది నేను. కొత్త గోడ మీద గుర్తు పెట్టిందీ నేనే. తప్పు నాదే. కానీ నీళ్ళు పెరిగాయి. మీరే వచ్చి కొలుచుకోండి."

మీసాలాయన చెయ్యి చాచి తాళం తిప్పాడు. ఇంజను ఆగిపోయింది. మామగారు అమ్మయ్య అని ఊపిరి వదిలారు, నా భుజం మీద చెయ్యి వేశారు. గెలిచామనుకున్నాను నేను కూడా.

మీసాలాయన మాత్రం సీటు మీద నుంచి దిగలేదు. ఏదో లెక్క వేసుకుంటున్నవాడిలా వేళ్ళు మడుస్తున్నాడు.

"దూడ పడ్డప్పుడు తాడు పట్టిన నలుగురిలో నేనూ ఉన్నాను," అన్నాడు మెల్లగా. "మీ గోడ చూసి ఆ వారమే నేనూ లేపించాను. అదే మేస్త్రీ. నా గోడ చూసి మా వీధిలో ఇంకొందరు లేపించారు. అమ్మాయ్, నిన్న బల్ల మీద ముప్పై బావుల లెక్క రాశావే, అందులో ఎన్ని గోడలు ఈ వేసవిలో లేచాయి?"

నాకు తెలియదు. గుర్తు కనపడని ప్రతిచోటా కొత్త అంచు మీద ఎర్ర రంగు పూసుకుంటూ పోయానే గాని, ఎన్నిచోట్లో లెక్కపెట్టుకోలేదు. మామగారి చెయ్యి నా భుజం మీద ఉన్నది ఉన్నట్టే ఆగిపోయింది.